జ్వరం ఎన్నో రోజు?

కావలిలో పిల్లల వైద్యుడిగా కూర్చున్న ఈ ఇరవై రెండేళ్ళలో "జ్వరం ఎన్నాళ్ళ నుంచి?" అని నేను అడిగినప్పుడల్లా ఎక్కువగా విన్న జవాబు "మూడు రోజుల నుంచి సార్" అనేదే. అది అబద్ధం కాదు. ఊళ్ళో ఆర్‌ఎంపీ వేసిన సూదికి ఒక పూట ఒళ్ళు చల్లబడితే, ఆ తర్వాత వచ్చింది కొత్త జ్వరమనుకుని తల్లి మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెడుతుంది. మందు మారితే, ఆసుపత్రి మారితే లెక్క కూడా మారిపోతుంది. జలుబు జ్వరానికైతే ఈ తేడా వల్ల పెద్ద నష్టం లేదు. అయిదేళ్ళ లోపు పిల్లలకు ఎక్కువగా వచ్చే కవాసాకి జబ్బులో మాత్రం వైద్యమంతా ఆ లెక్క మీదే నిలబడి ఉంటుంది.

ఇది రక్తనాళాల గోడలు వాచే జబ్బు. ఒంట్లోని మధ్యరకం ధమనులన్నిటికీ ఈ వాపు రావచ్చు గానీ, అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతినేవి గుండె కండరానికి రక్తం అందించే కరోనరీ ధమనులు. మూడేళ్ళ బిడ్డలో ఆ నాళం లోపలి వెడల్పు సుమారు 2 మిల్లీమీటర్లు ఉంటుంది. వాపుతో గోడ బలహీనపడినప్పుడు ఆ సన్నని నాళం బుడగలా ఉబ్బుతుంది, ఉబ్బిన చోట రక్తం గడ్డకట్టవచ్చు, కొందరిలో పసితనంలోనే గుండెపోటుకు దారితీయవచ్చు. వైద్యం అందని పిల్లల్లో నూటికి దాదాపు 25 మందికి కరోనరీ ధమనులు ఇలా దెబ్బతింటాయి. జ్వరం మొదలైన 10 రోజుల లోపు ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు ఎక్కిస్తే ఆ సంఖ్య నూటికి 5 దరిదాపులకు దిగుతుంది. పదో రోజు ఎప్పుడో తెలియాలంటే మొదటి రోజు ఏదో తెలియాలి కదా, అందుకే నేను తల్లులను వారం పేరు, తిథి, ఊళ్ళో సంత, ఇంట్లో వచ్చిన చుట్టాలు, ఇలా ఏదో ఒకటి పట్టుకుని ఆ మొదటి రోజు దాకా వెనక్కి నడిపిస్తాను.

కలిగిరి వైపు ఒక పల్లె నుంచి వచ్చిన మూడేళ్ళ బాబును ఇక్కడ చెప్పుకోవాలి. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చి రాస్తున్నాను. వాళ్ళమ్మ, జేజి కలిసి తీసుకువచ్చారు. అప్పటికి మూడు సూదులు, రెండు రకాల యాంటీబయాటిక్ సిరప్‌లు అయిపోయాయి. ఒంటి మీద ఎర్రగా పేలిందని, అది తట్టేనని జేజి గుమ్మానికి వేపమండలు కట్టించింది. రెండు రోజుల్లో ఆ పేలుడు అణగిపోయింది కాబట్టి అమ్మవారు చల్లబడిందనే అనుకున్నారు. బిడ్డ మాత్రం చల్లబడలేదు. తల్లి భుజం మీద నుంచి దించితే ఏడుపు, ఎత్తుకుంటే ఏడుపు, వెలుతురు చూస్తే ఏడుపు. పిల్లల ఏడుపులు రోజంతా వింటూ ఉండే నాకు కూడా ఆ ఏడుపులో ఏదో తేడా ఉందనిపించింది. ఈ జబ్బులోని చిరాకు మామూలు జ్వరపు చిరాకు కాదు. అది నిర్ధారణ సూత్రాల్లో లేకపోయినా నా మనసులో మొదటి గంట కొట్టేది చాలాసార్లు అదే.

నేను చూసేసరికి బాబుకు జ్వరం 103 డిగ్రీలు ఉంది, పెదవులు ఎండి నిలువునా చీలి సన్నని రక్తపు గీతలు కనిపిస్తున్నాయి. కళ్ళు తెల్లగా ఉన్నాయి. ఒంటి మీద పేలుడు లేదు. మెడ తడిమితే బిళ్ళ తగల్లేదు. అంటే నా కళ్ళకు కనిపిస్తున్నది జ్వరం కాక ఒక్క లక్షణమే. అప్పుడు వాళ్ళమ్మ, "వాళ్ళ నాన్న కువైట్‌లో ఉంటాడు సార్, రోజూ ఫొటోలు పంపమంటాడు" అంటూ ఫోను తెరిచింది. ఆ వాట్సాప్ వరసలో తారీఖు, వేళతో సహా బిడ్డ జబ్బు మొత్తం ఉంది. మంగళవారం రాత్రి తీసిన ఫొటోలో రెండు కళ్ళూ ఎర్రబారి ఉన్నాయి గానీ పుసి లేదు, నల్లగుడ్డు చుట్టూ మాత్రం సన్నని తెల్లటి వలయం మిగిలి ఉంది. బుధవారం వీడియోలో వీపంతా దద్దులు. మొదటి ఫొటో కింద తండ్రికి ఆవిడ పెట్టిన మాట "బాబుకి జొరం వచ్చింది" అని. అది ఆదివారం పొద్దున. మా ముందు కూర్చున్నది శుక్రవారం, అంటే ఆరో రోజు. కాళ్ళకు వాపు ఏమైనా వచ్చిందా అని అడిగితే తల్లి లేదంది. జేజి మాత్రం కొంచెం ఆలోచించి, "మొన్న చెప్పులు తొడగబోతే పట్టలా నాయనా, కొత్త చెప్పులే, నెల కూడా కాలేదు" అంది.

ఈ జబ్బుకు ఇదీ అని తేల్చే ఒక్క రక్తపరీక్ష కూడా లేదు. కనీసం 5 రోజుల జ్వరం, దానితోపాటు అయిదు లక్షణాల్లో నాలుగు ఉంటే కవాసాకి అంటాం. పుసి లేకుండా రెండు కళ్ళూ ఎర్రబడటం, పెదవులూ నోరూ ఎర్రబడి నాలుక మీద ఆవగింజల్లా బుడిపెలు లేవడం, ఒంటి మీద దద్దులు, అరచేతులూ అరికాళ్ళూ ఎర్రబడి వాయడం, మెడలో సాధారణంగా ఒక పక్కనే 1.5 సెంటీమీటర్లకు తగ్గని బిళ్ళ కట్టడం, ఇవీ ఆ అయిదు. పాఠ్యపుస్తకాల్లో ఈ అయిదింటినీ ఒకే బొమ్మలో వేసి చూపిస్తారు కాబట్టి చదువుకునే రోజుల్లో నేనూ ఒకే బిడ్డలో ఒకేసారి అన్నీ కనిపిస్తాయనే అనుకున్నాను. నిజానికి అవి ఒకదాని వెనక ఒకటి వచ్చి పోతాయి. సోమవారం కళ్ళు, బుధవారం దద్దులు, శుక్రవారం పెదవులు కావచ్చు. వచ్చి పోయిన లక్షణం కూడా లెక్కలోకి వస్తుందన్నది నిర్ధారణ నియమాల్లోనే ఉంది. కానీ మూడు రోజుల్లో మూడు ఆసుపత్రులు తిరిగిన బిడ్డను ఏ వైద్యుడూ మొత్తంగా చూసి ఉండడు. మొత్తం చూసినవాళ్ళు ఇంట్లోవాళ్ళే. ఆ బాబుకు నేను కళ్ళతో చూసిన లక్షణం ఒకటి, ఫోను చూపించినవి రెండు, జేజి చెప్పింది ఒకటి.

జపాన్‌లో ఈ జబ్బు వెలుగులోకి వచ్చిన తీరు కూడా ఇలాంటిదే. టోక్యో రెడ్‌క్రాస్ ఆసుపత్రిలో పనిచేస్తున్న తొమిసాకు కవాసాకి 1961 జనవరిలో నాలుగేళ్ళు దాటిన ఒక బాబును చూశారు. ఏ జబ్బో తేలలేదని రాసి ఆ బిడ్డను ఇంటికి పంపవలసి వచ్చింది. మరుసటి ఏడు అలాంటి బిడ్డే ఇంకొకరు వచ్చినప్పుడు ఆయనకు పాత బిడ్డ గుర్తుకువచ్చాడు. ఆ తర్వాత ఒక్కొక్కరినీ శ్రద్ధగా రాసుకుంటూ పోయి, 50 మంది పిల్లల వివరాలతో 1967లో జపాన్ భాషలో ప్రచురించారు. ఇంగ్లీషులో ప్రపంచానికి అది తెలిసింది 1974లో. మన దేశంలో చండీగఢ్‌లోని పీజీఐ వైద్య సంస్థలో డాక్టర్ సుర్జీత్ సింగ్ బృందం దశాబ్దాలుగా ఈ పిల్లలను చూస్తూ, ఈ జబ్బు ఇక్కడ అరుదు కాదనీ, గుర్తించడమే అరుదనీ మా తరానికి నేర్పింది. కారణం ఇంతవరకూ తేలలేదు. ఒకరి నుంచి ఒకరికి అంటేది మాత్రం కాదు.

మా ప్రాంతంలో దీన్ని దాచిపెట్టే జబ్బులు చాలా ఉన్నాయి. తట్టులో కూడా జ్వరం, ఎర్రకళ్ళు, దద్దులు ఉంటాయి. కానీ తట్టులో ముక్కూ కళ్ళూ కారుతూ ఉంటాయి, దగ్గు ఉంటుంది, దద్దులు చెవుల వెనక నుంచి మొదలై కిందికి దిగుతాయి, బుగ్గ లోపల ఉప్పు రవ్వల్లాంటి తెల్లటి చుక్కలు కనిపించవచ్చు. అడినోవైరస్ జ్వరంలో కళ్ళ నుంచి పుసి, గొంతులో చీము పొర ఉంటాయి. ఈ వైపు చేలగట్ల మీదా పొదల్లోనూ ఆడుకునే పిల్లలకు సన్నని పురుగు కుట్టడం వల్ల స్క్రబ్ టైఫస్ వస్తుంది. దానిలోనూ ఎడతెగని జ్వరం, దద్దులు, ఒంటి వాపు ఉంటాయి. అందుకని బిడ్డను పూర్తిగా బట్టలు విప్పించి, చంకల్లో, గజ్జల్లో, చెవి వెనక, ముఖ్యంగా మొలతాడు కింద, సిగరెట్టుతో కాల్చినట్టుండే నల్లటి పక్కు ఉందేమో వెతకాలి. అది లేనంత మాత్రాన స్క్రబ్ టైఫస్ కాదని చెప్పలేము గానీ, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టిన రెండు రోజుల్లో ఆ జ్వరం సాధారణంగా దిగుతుంది. అదే మొలతాడు దగ్గరా, గజ్జల్లోనూ కవాసాకి పిల్లలకు మొదటి వారంలోనే చర్మం ఎర్రబడి పొర లేస్తుంది. దాన్ని చాలామంది డైపర్ ఒరుసుకుందని పౌడరు అద్దుతారు.

ఎడమ భుజం మీది బీసీజీ మచ్చను కూడా చూడాలి. పుట్టినప్పుడు వేసిన ఆ టీకా మచ్చ ఇప్పుడు హఠాత్తుగా ఎర్రబడి గట్టిపడితే, ఏడాది లోపు బిడ్డలో అది కవాసాకి వైపు చూపే బలమైన సూచన. అమెరికాలో అందరు పిల్లలకూ బీసీజీ వేయరు కాబట్టి అక్కడి వైద్యులకు ఈ సూచన దొరకదు. మనకు దాదాపు ప్రతి బిడ్డలోనూ దాన్ని వెతికే వీలుంది. చొక్కా చెయ్యి పైకి లాగి చూడటానికి అర నిమిషం చాలు.

రక్తపరీక్షల దగ్గర మా జిల్లాలో ఒక చిక్కు ఉంది. డెంగ్యూ ఏటా వచ్చిపోతూ ఉండటం వల్ల ప్లేట్‌లెట్లు అన్న మాట తెలియని ఇల్లు లేదు. అవి తగ్గితే ప్రమాదం, పెరిగితే క్షేమం అన్నది అందరి మనసుల్లో నాటుకుపోయింది. రిపోర్టులో 6 లక్షలు, 7 లక్షలు అని చూసి, "ప్లేట్‌లెట్లు బాగా ఉన్నాయి సార్" అని సంతోషంగా నా చేతికిచ్చిన తండ్రులు ఉన్నారు. ఎడతెగని జ్వరం ఉన్న పసిబిడ్డలో రెండో వారంలో ప్లేట్‌లెట్లు 4.5 లక్షలు దాటి పెరుగుతూ పోవడం కవాసాకి గుర్తుల్లో ఒకటి. దానితోపాటు ఒంట్లో వాపును చూపే సీఆర్పీ, ఈఎస్ఆర్ బాగా పెరుగుతాయి, తెల్లకణాలు 15,000 దాటవచ్చు, హిమోగ్లోబిన్ తగ్గుతుంది, రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్ 3 గ్రాములకు దిగవచ్చు, కాలేయపు ఎంజైములు పెరగవచ్చు. మూత్రంలో చీముకణాలు కనిపిస్తాయి గానీ, క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్షలో ఏ క్రిమీ పెరగదు. ఈ చివరి మాట నేను చాలా నష్టపోయి నేర్చుకున్నాను.

నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన తొలి సంవత్సరాల్లో సముద్రపు ఒడ్డు గ్రామం నుంచి అయిదు నెలల పాపను తీసుకువచ్చారు. జ్వరం, ఏడుపు, పాలు సరిగా తాగకపోవడం, అంతే. మూత్రంలో చీముకణాలు ఉన్నాయి కాబట్టి మూత్రపు ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్ మొదలుపెట్టాను. కల్చర్‌లో ఏమీ పెరగలేదు. ముందే మందు పడి ఉంటుందిలే అని నాకు నేను సర్దిచెప్పుకుని, ఇంకాస్త బలమైన యాంటీబయాటిక్‌కు మారాను. కళ్ళు ఎర్రబడలేదు, మెడలో బిళ్ళ లేదు. ఒకరోజు పొట్ట మీద లేచిన దద్దులను మందు పడలేదేమో అనుకున్నాను. తొమ్మిది రోజులకు జ్వరం దానంతట అదే దిగింది, నా మందు పనిచేసిందని నమ్మి ఇంటికి పంపాను. పదహారో రోజున వాళ్ళ అమ్మమ్మ పాపను ఎత్తుకుని వచ్చి, "గోళ్ళ కాడ తోలు ఊడతా ఉంది సార్, ఇదేంది?" అని చెయ్యి చాపి చూపించింది. బొటనవేలి గోటి అంచు కింద నుంచి పల్చటి పొర, ఉల్లిపొరలాగా, వేలి తొడుగులా ఊడివస్తోంది. ఆ వేలిని నా వేళ్ళ మధ్య పట్టుకున్న ఆ క్షణంలోనే నాకు అంతా అర్థమైంది. చెన్నైలో తీయించిన ఎకోలో, అంటే గుండె స్కాన్‌లో, ఎడమ కరోనరీ ధమని మధ్యరకం బుడగగా ఉబ్బి ఉంది.

ఆరు నెలల లోపు పిల్లల్లో లక్షణాలు అతి తక్కువగా కనిపించి, ధమనులు అతి ఎక్కువగా దెబ్బతినడం ఈ జబ్బులో అన్నిటికంటే కఠినమైన విషయం. దీన్నే అసంపూర్ణ కవాసాకి అంటారు, అసంపూర్ణమైనవి లక్షణాలే గానీ జబ్బు కాదు. అందుకే ఆరు నెలల లోపు బిడ్డకు కారణం దొరకని జ్వరం 7 రోజులు నిలిస్తే, వేరే ఒక్క లక్షణం లేకపోయినా సీఆర్పీ, ఈఎస్ఆర్ చేయించాలి. సీఆర్పీ డెసీలీటరుకు 3 మిల్లీగ్రాములు గాని, ఈఎస్ఆర్ 40 గాని దాటితే ఎకో దాకా వెళ్ళాలి. మన ల్యాబుల్లో సీఆర్పీని చాలాచోట్ల లీటరు లెక్కన ఇస్తారు, అక్కడ 3 అంటే 30 అని గుర్తుపెట్టుకోవాలి. కాస్త పెద్ద పిల్లల్లో కూడా 5 రోజుల జ్వరానికి అయిదింటిలో రెండో మూడో లక్షణాలు తోడైతే ఇదే దారి. పొర ఊడటం కోసం ఎదురుచూడకూడదు, అది రెండు మూడు వారాలకు వచ్చే గుర్తు, అప్పటికి మన పది రోజులు దాటిపోతాయి.

ఎకో గురించి ఒక మాట వివరంగా రాయాలి. పెద్దవాళ్ళ గుండె చూడటానికి అలవాటుపడిన చోట్ల నుంచి మా పిల్లలకు వచ్చే రిపోర్టుల్లో పంపింగ్ బాగుంది, కవాటాలు బాగున్నాయి, నార్మల్ అని ఉంటుంది. కరోనరీ ధమనుల కొలత ఉండదు. మనం అడిగిన ప్రశ్న అది కాదు. కుడి, ఎడమ కరోనరీ ధమనులను మిల్లీమీటర్లలో విడివిడిగా కొలవాలి, బిడ్డ ఎత్తూ బరువూ కలిపి ఆ వయసు ఒంటికి ఆ వెడల్పు ఎంత ఎక్కువో లెక్కగట్టాలి, దాన్నే జెడ్ స్కోర్ అంటారు. 2.5 వస్తే చిన్న బుడగ, 5 వస్తే మధ్యరకం, 10 గాని అంతకు మించి గాని వస్తే అతి పెద్దది. కాబట్టి ఎకోకు పంపే చీటీలో ఎత్తూ బరువూ రాసి, కరోనరీ కొలతలు కావాలని స్పష్టంగా అడుగుతాను. బిడ్డ ఏడుస్తూ కాళ్ళు కొట్టుకుంటూ ఉంటే 2 మిల్లీమీటర్ల నాళాన్ని ఎవరూ కొలవలేరు, నిద్రమందు ఇచ్చయినా నిశ్చలంగా ఉంచి తీయాలి. మొదటి వారంలో తీసిన ఎకో మామూలుగా ఉంటే జబ్బు లేదని అర్థం కాదు, ధమనులు ఇంకా ఉబ్బలేదని మాత్రమే అర్థం. లక్షణాలు నిండుగా ఉన్నప్పుడు ఎకో కోసం వైద్యాన్ని ఆపకూడదు.

కలిగిరి బాబును ఆ సాయంత్రమే నెల్లూరుకు పంపాము. బరువు 12 కిలోలు, కిలోకు 2 గ్రాముల చొప్పున 24 గ్రాముల ఇమ్యునోగ్లోబులిన్ కావాలి. అంటే 5 గ్రాముల సీసాలు అయిదు. వేలమంది దాతల రక్తం నుంచి తీసే మందు కాబట్టి ఖరీదు ఎక్కువ. వాళ్ళమ్మ మెడలో గొలుసు మీద చెయ్యి వేసుకుని "ఇది తాకట్టు పెడితే సరిపోతుందా సార్?" అని అడిగింది. ఆ ప్రశ్న ఏ తల్లీ అడగవలసిన అవసరం లేని రోజు రావాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను. రాత్రంతా పది పన్నెండు గంటలు ఆ మందు చుక్కచుక్కగా ఎక్కింది. మర్నాడు మధ్యాహ్నానికి జ్వరం దిగి, బాబు ఆరు రోజుల తర్వాత ఇడ్లీ అడిగాడట. దిగనివాళ్ళూ ఉంటారు. మందు అయిపోయిన 36 గంటల తర్వాత కూడా జ్వరం ఉంటే రెండో విడత గాని, వాపును అణచే స్టెరాయిడ్లు లేదా ఇన్ఫ్లిక్సిమాబ్ అనే మందు గాని అవసరమవుతాయి. ఇమ్యునోగ్లోబులిన్ వల్లనే ఈఎస్ఆర్ పెరుగుతుంది కాబట్టి, ఆ తర్వాత వాపు తగ్గిందో లేదో చూడటానికి సీఆర్పీనే నమ్మాలి.

రక్తనాళాల వాపు జబ్బులు ఇంకా ఉన్నాయి. కాళ్ళ మీదా పిరుదుల మీదా చేతికి తగిలే ఊదా మచ్చలు, కీళ్ళనొప్పి, మెలిపెట్టే కడుపునొప్పి కలిసి వస్తే అది ఐజీఏ వాస్క్యులైటిస్. చాలామంది పిల్లల్లో కొన్ని వారాల్లో తగ్గిపోతుంది, మూత్రపరీక్ష మాత్రం ఆరు నెలలు వదలకూడదు. కాస్త పెద్ద ఆడపిల్లల్లో రెండు చేతుల రక్తపోటు వేరువేరుగా ఉన్నా, ఒక చేతి నాడి అందకపోయినా తకయాసు జబ్బును అనుమానించాలి. వాటి గురించి విడిగా రాస్తాను.

కలిగిరి బాబుకు, రక్తం గడ్డకట్టకుండా, కిలోకు 3 నుంచి 5 మిల్లీగ్రాముల చొప్పున ఆస్పిరిన్ ఆరు వారాలు నడిచింది. అది వాడుతున్నంత కాలం ఆటలమ్మ గాని ఫ్లూ గాని వస్తే వెంటనే చెప్పమని, జ్వరానికి ఐబుప్రొఫెన్ ఇవ్వవద్దని వాళ్ళ పుస్తకంలో ఎర్రసిరాతో రాశాను. ప్రాణమున్న వైరస్ టీకాలైన తట్టు, ఆటలమ్మ టీకాలు ఇమ్యునోగ్లోబులిన్ తర్వాత 11 నెలలు ఆగి వేయాలని ఆ కిందనే రాశాను. ఊళ్ళో తట్టు తిరుగుతూ ఉంటే ముందే వేసి, గడువు తర్వాత మళ్ళీ వేయవచ్చు. రెండో వారంలోనూ ఆరో వారంలోనూ తీసిన ఎకోలలో కొలతలు మామూలుగా ఉన్నాయి. ఆరో వారం వచ్చినప్పుడు బాబు గోళ్ళ మీద అడ్డంగా సన్నని గాడి పడి ఉంది, జబ్బు చేసిన రోజుల్లో గోరు పెరుగుదల ఆగిన చోటది. గోరు పెరిగేకొద్దీ చివరికి జరిగి పోతుందని చెప్పాను. జేజి ఆ వేలిని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది. తల్లి మాత్రం దాన్ని కూడా ఫొటో తీసి కువైట్‌కు పంపింది.

సముద్రపు ఒడ్డు పాప ఇప్పుడు హైస్కూలులో చదువుతోంది. ఉబ్బిన ధమని రెండేళ్ళలో చాలావరకు సర్దుకుంది. అలా సర్దుకున్న నాళం గోడ పూర్తిగా మామూలు గోడ కాదు కాబట్టి ఏడాదికొకసారి చెన్నైకి వెళ్ళి చూపించుకుంటోంది. వెళ్ళేముందు వాళ్ళ నాన్న నా దగ్గరికి వచ్చి పాత కాగితాలన్నీ తారీఖుల వరసలో సర్దించుకుని పోతాడు. వాటిలో అన్నిటికంటే పైన, జ్వరం మొదలైన రోజు అని నా చేత్తో రాసిన చీటీ ఉంటుంది. ఆ తారీఖు నేను వాళ్ళను అడిగింది పదహారో రోజున.